జిమ్‌కు తగిన వైర్‌లెస్ హెడ్‌ఫోన్స్‌ను ఎంచుకోవడం ఎలా?

హెడ్‌ఫోన్స్ కొనేటప్పుడు చాలామంది మొదట బ్యాటరీ ఎన్ని గంటలు వస్తుందో చూస్తారు, తరువాత బాస్ ఎలా ఉందని అడుగుతారు, చివరికి ధర దగ్గర ఆగుతారు. ఇంట్లోనో బస్సులోనో కూర్చుని పాటలు వినేవారికి ఈ క్రమం వల్ల పెద్ద నష్టమేమీ లేదు. వ్యాయామం కోసం కొనేవారు మాత్రం దీనిని తలకిందులు చేసుకోవాలి. ఏ వ్యాయామాలు చేస్తారు, ఎంత చెమట పడుతుంది, చుట్టూ ఉన్న శబ్దాలు ఎంతవరకు వినపడాలి అన్న మూడు ప్రశ్నలకు జవాబు తేలిన తరువాతే ధ్వని నాణ్యత గురించి ఆలోచించాలి. బరువులెత్తి రొప్పుతున్న మనిషికి రెండు మంచి ఇయర్‌బడ్స్ మధ్య ఉండే సూక్ష్మమైన తేడా పట్టదు. చెవిలోంచి జారిపోతున్న ఇయర్‌బడ్ మాత్రం ప్రతి సెట్‌లోనూ విసిగిస్తూనే ఉంటుంది.

ఖరీదైనది, పేరున్నది కాబట్టి జిమ్‌లోనూ బాగుంటుందన్న లెక్క ఇక్కడ పనిచేయదు. సోనీ డబ్ల్యూహెచ్-1000ఎక్స్ఎం5 బయటి శబ్దాన్ని అణచడంలో ఎంతో పేరు తెచ్చుకున్న హెడ్‌ఫోన్, కానీ దాని బరువు దాదాపు 250 గ్రాములు, పైగా దానికి నీటి నుంచి రక్షణను సూచించే ఐపీ రేటింగ్ ఏదీ లేదు. విమానంలో అది హాయిగా ఉంటుంది. ట్రెడ్‌మిల్ మీద గంటసేపు పరుగెత్తేవారి తలపై అది అటూ ఇటూ జరుగుతుంది, మెత్తలు చెమటను పీల్చుకుంటాయి. దానికంటే చాలా తక్కువ ధరకు దొరికే చిన్న ఇయర్‌బడ్స్ ఆ పనికి మెరుగ్గా సరిపోతాయి.

వ్యాయామాన్ని బట్టి ఆకారం

మన దేశంలో నెక్‌బ్యాండ్లకు ఆదరణ ఎక్కువ. ధర తక్కువ, పోగొట్టుకునే భయం లేదు, ట్రైనర్ ఏదైనా చెప్పబోతే చెవిలోంచి తీసి మెడలో వేలాడదీసుకోవచ్చు. నడకకు, సైకిల్‌కు, ట్రెడ్‌మిల్ మీద మామూలు వేగానికి ఇవి బాగానే పనిచేస్తాయి. బార్‌బెల్‌తో స్క్వాట్ చేసేవారికి మాత్రం ఇవి అడ్డం. బార్‌ను మెడ కింద, భుజాల పైభాగాన ఉన్న కండరాల మీద ఆనించుకోవాలి. నెక్‌బ్యాండ్ కూర్చునేదీ సరిగ్గా అక్కడే. దాని మీద బరువు పెడితే బార్ సరిగ్గా కుదురుకోదు, బ్యాండ్‌లోని తీగలు నలిగి పాడవుతాయి. బెంచ్ ప్రెస్‌కు వెల్లకిలా పడుకున్నప్పుడు అదే బ్యాండ్ మెడ వెనుక నొక్కుకుంటుంది. బర్పీలు, స్కిప్పింగ్ వంటి గెంతే వ్యాయామాల్లో దాని రెండు చివరలూ ఎగిరెగిరి ఛాతీకి తగులుతాయి, ప్రతి గెంతుకూ తీగ చెవిలోని ఇయర్‌బడ్‌ను కొంచెం కొంచెంగా బయటికి లాగుతుంది. వారంలో ఎక్కువ రోజులు బరువులెత్తేవారు నెక్‌బ్యాండ్ జోలికి వెళ్లకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

తీగ అసలే లేని ఇయర్‌బడ్స్‌కు ఈ చిక్కులు లేవు; వాటికున్న చిక్కు ఒక్కటే, జారి పడిపోవడం. ఒక్కొక్కటి సాధారణంగా 4 నుంచి 6 గ్రాముల బరువుంటుంది కాబట్టి బరువు వల్ల అవి పడవు. చెమటకు చెవి రంధ్రం జారుడుగా మారడం ఒక కారణం. పెద్ద బరువు ఎత్తేటప్పుడు తెలియకుండానే పళ్లు బిగించడం రెండో కారణం: దవడ కదిలినప్పుడల్లా చెవి రంధ్రం ఆకారం కొంచెం మారుతుంది, అప్పటిదాకా బిగువుగా ఉన్న టిప్, అంటే ఇయర్‌బడ్ కొనన ఉండే మెత్తని తొడుగు, వదులవుతుంది. అందుకే దుకాణంలో కదలకుండా నిలబడి పెట్టుకుని చూస్తే ఏమీ తెలియదు. నోరు పూర్తిగా తెరిచి మూయాలి, పళ్లు బిగించాలి, తల కిందికి వంచి విదిలించాలి, వీలైతే నాలుగు గెంతులు గెంతాలి. చూసేవారు నవ్వుకుంటే నవ్వుకోనివ్వండి.

పెట్టెలో సాధారణంగా మూడు కొలతల సిలికాన్ టిప్‌లు ఇస్తారు. చాలామంది మొదట బిగించి ఉన్న మధ్య కొలతతోనే సరిపెట్టుకుని, కొన్నాళ్లకు తమ చెవులకు ఏ ఇయర్‌బడ్సూ నిలవవని తేల్చేస్తారు. మూడింటినీ ప్రయత్నించాలి. ఎడమ చెవికీ కుడి చెవికీ వేర్వేరు కొలతలు సరిపోవడం మామూలే కాబట్టి రెండు వైపులా ఒకే కొలత ఉండాలన్న నియమం పెట్టుకోనవసరం లేదు. సిలికాన్ జారుతుంటే నురుగుతో చేసిన ఫోమ్ టిప్‌లు విడిగా దొరుకుతాయి. వేళ్లతో నొక్కి చెవిలో పెడితే అవి మెల్లగా ఉబ్బి గట్టిగా పట్టుకుంటాయి. అయితే అవి చెమటను పీల్చుకుంటాయి, సిలికాన్‌లా ఏళ్లతరబడి మన్నవు, కొన్ని నెలలకొకసారి మార్చుకోవాలి.

ఇంకా భరోసా కావాలంటే చెవి చుట్టూ తిరిగే కొక్కెం ఉన్న ఇయర్‌బడ్స్ తీసుకోవచ్చు. టిప్ వదులైనా కొక్కెం వాటిని కింద పడనివ్వదు కాబట్టి పరుగు, గెంతులు, తల వంచి చేసే డెడ్‌లిఫ్ట్ వంటివన్నీ నిశ్చింతగా చేసుకోవచ్చు. కళ్లద్దాలు పెట్టుకునేవారు మాత్రం కొనేముందు అద్దాలతో కలిపి పెట్టుకుని చూడాలి, ఎందుకంటే అద్దాల కాడకూ కొక్కేనికీ చెవి వెనుక ఉన్నది ఒకటే చోటు. చెవి పైఅంచున పోగు కుట్టించుకున్నవారికి కూడా కొక్కెం రాపిడి ఇబ్బంది కలిగించవచ్చు. వీటి చార్జింగ్ కేసులు పెద్దవిగా ఉంటాయి, ప్యాంటు జేబులో ఎత్తుగా కనిపిస్తాయి. జిమ్ బ్యాగు తీసుకెళ్లేవారికి అది ఒక లెక్కే కాదు.

చెవిని పూర్తిగా కప్పే పెద్ద హెడ్‌ఫోన్స్ జిమ్‌లలో తరచుగా కనిపిస్తూనే ఉంటాయి. ఏసీ ఉన్న గదిలో, నిలబడో కూర్చునో మాత్రమే బరువులెత్తేవారు వాటిని వాడుకోవచ్చు. బెంచ్ మీద పడుకుంటే తలపట్టీ వెనక్కి జారుతుంది, మెత్తల మీది రెగ్జిన్ చెమటకు కొన్నాళ్లకు పొరలుగా ఊడుతుంది. అవే కావాలనుకుంటే మెత్తలు విడిగా తీసి మార్చుకునే వీలుందో లేదో, ఆ మెత్తలు మార్కెట్లో దొరుకుతాయో లేదో ముందే కనుక్కోవాలి.

చెవి రంధ్రాన్ని మూయని రకాలు ఈ మధ్య బాగా పెరిగాయి. షాక్స్ వంటి కంపెనీలు చేసే బోన్ కండక్షన్ హెడ్‌ఫోన్స్ చెవి ముందున్న ఎముక మీద ఆని, కంపనాలను పుర్రె ఎముకల ద్వారా లోపలి చెవికి చేరవేస్తాయి. చెవి తెరిచే ఉంటుంది కాబట్టి వెనుక నుంచి వచ్చే బండి హారన్ కూడా వినపడుతుంది. హైదరాబాద్‌లో కేబీఆర్ పార్కు బయటి రోడ్డు మీదో, విశాఖ బీచ్ రోడ్డులోనో తెల్లవారుజామున పరుగెత్తేవారికి ఇంతకంటే తగినవి లేవు. జిమ్ లోపల మాత్రం ఇవి నిరాశపరుస్తాయి. జిమ్ స్పీకర్ల మోత నేరుగా చెవిలో పడుతుంటుంది, దానిని మించి వినపడాలని మీరు వాల్యూమ్ పెంచుతారు, అయినా బాస్ అందదు. తల వెనుక తిరిగే వాటి పట్టీ కూడా బెంచ్‌కు తగులుతుంది. జిమ్‌కూ రోడ్డు మీది పరుగుకూ ఒకే జత కావాలనుకునేవారు చెవిని మూసే ఇయర్‌బడ్స్‌లోనే బయటి శబ్దాన్ని మైక్ ద్వారా లోపలికి వినిపించే ట్రాన్స్‌పరెన్సీ లేదా యాంబియెంట్ మోడ్ ఉన్నవి చూసుకోవడం మంచిది.

ఈత కొట్టేవారి సంగతి పూర్తిగా వేరు. బ్లూటూత్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను నీరు మింగేస్తుంది కాబట్టి గట్టున ఉన్న ఫోన్ నుంచి పాట నీటి లోపలికి చేరదు. పాటలను తనలోనే దాచుకునే, నీటిలో మునగడానికి తగిన రేటింగ్ ఉన్న ప్రత్యేకమైన హెడ్‌సెట్లు అందుకు కావాలి.

చెమట, ఐపీ సంఖ్య

పెట్టె మీద ఐపీఎక్స్4, ఐపీఎక్స్5, ఐపీ57 వంటి గుర్తులు కనిపిస్తాయి. ఇవి ఐఈసీ 60529 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఇచ్చేవి. మొదటి అంకె దుమ్ము వంటి ఘనపదార్థాల నుంచి రక్షణను, రెండో అంకె నీటి నుంచి రక్షణను సూచిస్తుంది. అంకె ఉండాల్సిన చోట ఎక్స్ ఉంటే ఆ విషయంలో రేటింగ్ ప్రకటించలేదని అర్థం, రక్షణ అసలే లేదని కాదు. నీటి విషయంలో 4 అంటే ఏ వైపు నుంచి చిలకరించినా తట్టుకుంటుంది. 5 అంటే 6.3 మిల్లీమీటర్ల నాజిల్ నుంచి నిమిషానికి 12.5 లీటర్ల చొప్పున వచ్చే ధారను తట్టుకుంటుంది. 7 అంటే ఒక మీటరు లోతు నీటిలో 30 నిమిషాలు మునిగినా పాడవదు.

ఇక్కడ చాలామందికి తెలియని మెలిక ఒకటి ఉంది. 7 వచ్చింది కాబట్టి 5 కూడా అందులోనే ఉందనుకుంటారు. నిలకడగా ఉన్న నీటిలో మునగడం, వేగంగా తగిలే ధారను తట్టుకోవడం వేర్వేరు పరీక్షలు. రెండింటిలోనూ నెగ్గిన పరికరమైతే రెండు గుర్తులూ విడివిడిగా వేస్తారు. ఐపీఎక్స్7 ఉన్న ఇయర్‌బడ్స్‌ను కుళాయి ధార కింద కడగవచ్చని ఆ సంఖ్య ఒక్కటే చెప్పదు.

అంతకంటే ముఖ్యమైనది, ఈ పరీక్షలన్నీ మామూలు నీటితో చేసేవి. చెమటలో ఉప్పు ఉంటుంది. నీరు ఆరిపోతే పోతుంది, చెమట ఆరిపోయినా దాని ఉప్పు చార్జింగ్ బిందువుల మీద మిగిలిపోతుంది. అలా తడిగా ఉన్నవాటిని కేసులో పెట్టి మూత వేస్తే, ఉప్పుతడి మీదుగా విద్యుత్తు పారి ఆ బిందువులు తుప్పు పడతాయి. కొన్ని నెలలకు ఒకవైపు ఇయర్‌బడ్ చార్జింగ్ ఎక్కడం మానేస్తుంది. దానిని బ్యాటరీ లోపమనుకుని పారేసేవారున్నారు, నిజానికి చాలాసార్లు అది ఉప్పు చేసిన పని. అందుకే జిమ్ కోసం కొనేవారికి ఐపీఎక్స్4 కనీస అర్హత మాత్రమే. విశాఖ, కాకినాడ, నెల్లూరు వంటి తీరప్రాంతాల ఉక్కపోతలో ఏసీ లేని జిమ్‌కు వెళ్లేవారు, టీషర్టు పిండితే నీళ్లు కారేంతగా చెమట పట్టేవారు ఐపీఎక్స్5 లేదా అంతకు మించినది తీసుకోవడం మేలు. డెడ్‌లిఫ్ట్‌కు చేతులకు చాక్ పొడి రాసుకునేవారు, మట్టి రోడ్ల మీద పరుగెత్తేవారు మొదటి అంకెను కూడా చూడాలి. అక్కడ 5 ఉంటే దుమ్ము హాని చేసేంతగా లోపలికి పోదు, 6 ఉంటే అసలే పోదు.

రేటింగ్ ఇయర్‌బడ్స్‌కు మాత్రమేనా, కేసుకు కూడానా అన్నది చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. చాలా కంపెనీలు కేసుకు ఇవ్వవు, లేదా తక్కువ ఇస్తాయి. రేటింగ్ ఉన్నా తడి వల్ల కలిగిన నష్టానికి వారంటీ వర్తించదని షరతుల్లో రాసేవారూ ఉన్నారు కాబట్టి ఆ కాగితం కొనకముందే చదవాలి. వాడేకొద్దీ లోపలి అంచుల సీలు అరుగుతుంది. కొన్న రోజున ఉన్న రక్షణ రెండేళ్ల తరువాత కూడా అంతే ఉంటుందని అనుకోకూడదు.

అడుగుల దబదబ

ఇయర్‌బడ్స్ పెట్టుకుని ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తిన వారికి ప్రతి అడుగూ తలలో దబ్ దబ్‌మని మోగడం అనుభవమే. చెవి రంధ్రం గట్టిగా మూసుకుపోయినప్పుడు, అడుగు తాకిడి ఎముకల ద్వారా చెవిలోకి వచ్చి బయటికి పోయే దారి లేక అక్కడే పెద్దదవుతుంది. ఊపిరి, నమిలే చప్పుడు, మన మాట కూడా అలాగే వినిపిస్తాయి. పరికరం మంచిది కాదని దీని అర్థం కాదు; బాగా సీలయ్యే ఏ ఇయర్‌బడ్‌తోనైనా ఇది ఉంటుంది. ట్రాన్స్‌పరెన్సీ మోడ్ పెడితే కొన్నింటిలో ఇది తగ్గుతుంది. చెవి లోపలి ఒత్తిడిని వదిలే చిన్న రంధ్రాలున్నవి, లేదా టిప్ లేకుండా చెవి అంచున మాత్రమే ఆనేవి తీసుకుంటే ఇంకా తగ్గుతుంది. అయితే అలాంటివి జిమ్ మోతను తక్కువగా ఆపుతాయి. ఎక్కువగా పరుగెత్తేవారు, ఎక్కువగా బరువులెత్తేవారు ఒకే జతను మెచ్చుకోకపోవడానికి ఇదొక కారణం, స్నేహితుడు బాగుందన్నాడని కొనడంలో ఉన్న ఇబ్బంది కూడా ఇదే.

ఎంత గట్టిగా వినాలి

వ్యాయామంలో వాల్యూమ్ తెలియకుండానే పెరుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ కలిసి 2019లో విడుదల చేసిన ప్రమాణం ప్రకారం పెద్దవారు వారానికి 80 డెసిబెల్స్ వద్ద 40 గంటల వరకు వినవచ్చు. ప్రతి 3 డెసిబెల్స్ పెరుగుదలకూ ఆ సమయం సగమవుతుంది. అంటే 83 వద్ద 20 గంటలు, 86 వద్ద 10 గంటలు, 89 వద్ద 5 గంటలు మాత్రమే. రోజుకు గంట చొప్పున వారానికి ఆరు రోజులు జిమ్‌లో 89 డెసిబెల్స్‌తో వినేవారు ఆ ఆరు గంటలతోనే హద్దు దాటేస్తారు. బస్సులోనో ఆఫీసులోనో వినేది దీనికి అదనం. ఐఫోన్‌లోని హెల్త్ యాప్ హెడ్‌ఫోన్స్ శబ్దస్థాయిని నమోదు చేస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలా వరకు వాల్యూమ్ ఒక స్థాయి దాటగానే హెచ్చరిక చూపుతాయి. ఆ హెచ్చరికను అలవాటుగా తోసేయకుండా ఒక్క క్షణం చదవడం మంచిది.

బయటి మోతను ఆపగలిగితే లోపల గట్టిగా పెట్టుకోవాల్సిన అవసరం తగ్గుతుంది. బయటి శబ్దాన్ని అణచే నాయిస్ క్యాన్సిలేషన్ వల్ల జిమ్‌లో ఉపయోగం ప్రధానంగా ఇదే. అది ఫ్యాన్లు, ఏసీ, ట్రెడ్‌మిల్ మోటారు వంటి నిలకడైన మంద్రపు మోతను బాగా తగ్గిస్తుంది. ప్లేట్లు నేలకు తగిలే చప్పుడు, మాటలు వంటి వాటిని అంతగా ఆపలేదు, వాటికి టిప్ సరిగ్గా బిగియడమే రక్ష. బడ్జెట్ తక్కువైతే నాయిస్ క్యాన్సిలేషన్ వదిలేసి మంచి టిప్‌లతో సరిపెట్టుకోవచ్చు. బెంచ్ ప్రెస్‌కు వెనుక ఒకరిని నిలబెట్టుకుని గరిష్ఠ బరువు ఎత్తేటప్పుడు మాత్రం ఆ మనిషి మాట వినపడి తీరాలి. ఆ ఒక్క సెట్‌కు ట్రాన్స్‌పరెన్సీ మోడ్ పెట్టుకోవాలి, లేదా ఒక చెవిలోది తీసేయాలి. వాహనాలు తిరిగే రోడ్డు మీద నాయిస్ క్యాన్సిలేషన్ అసలు వద్దు.

మిగిలినవి

బ్యాటరీ గురించి ఇంతగా ఆలోచించాల్సిన పని లేదు. ప్రకటనల్లో కనిపించే 40 గంటలు, 60 గంటలు కేసులో మళ్లీ మళ్లీ చార్జ్ చేసుకున్నదంతా కలిపిన లెక్క. ఒక్క చార్జ్‌కు ఇయర్‌బడ్స్ ఎంతసేపు వస్తాయన్నదే చూడాలి. గంటన్నర వ్యాయామానికి 5 గంటలు వచ్చేది పుష్కలం. పది నిమిషాల చార్జ్‌కు గంటకు పైగా వచ్చే వేగవంతమైన చార్జింగ్, మర్చిపోయే అలవాటున్నవారికి పెద్ద బ్యాటరీకంటే ఎక్కువ పనికొస్తుంది.

నొక్కే బటన్ ఉందా, తాకితే పనిచేసేదా అన్నది మాత్రం తప్పక చూడాలి. తడి వేళ్లకు టచ్ ఒకసారి స్పందించదు, ఇంకోసారి చెమట చుక్కకే పాట మారిపోతుంది. గ్లవ్స్ వేసుకునేవారికి టచ్ అసలే ఉపయోగపడదు. టచ్ ఉన్నవే తీసుకుంటే యాప్‌లో దానిని ఆపేసే వీలుండాలి.

పాటను కుదించి బ్లూటూత్‌లో పంపే పద్ధతులైన కోడెక్‌ల పేర్లు, అంటే ఎల్‌డీఏసీ, ఏపీటీఎక్స్ వంటివి జిమ్‌లో దాదాపు లెక్కలోకి రావు. బ్లూటూత్ పరిధి సాధారణంగా 10 మీటర్లంటారు, కానీ మనిషి శరీరంలోని నీరు కూడా ఆ తరంగాలను అడ్డుకుంటుంది, గోడలు ఇంకా తగ్గిస్తాయి. ఫోన్‌ను లాకర్‌లో పెట్టి తాళం వేసి పాట తెగిపోతోందని విసుక్కోకుండా జేబులోనో నడుము పౌచ్‌లోనో పెట్టుకోవాలి. పాటలు దాచుకునే స్మార్ట్‌వాచ్ ఉన్నవారు హెడ్‌ఫోన్స్ ఒకేసారి రెండు పరికరాలకు కలుస్తాయో లేదో చూసుకోవచ్చు. 2025లో వచ్చిన బీట్స్ పవర్‌బీట్స్ ప్రో 2, ఆపిల్ ఎయిర్‌పాడ్స్ ప్రో 3 గుండె వేగాన్ని కూడా చెవి నుంచే కొలుస్తాయి. చేతికి ఇప్పటికే వాచ్ ఉన్నవారు దీనికోసం అదనంగా ఖర్చు పెట్టనవసరం లేదు.

కొనేటప్పుడు, కొన్న తరువాత

మన దేశంలో వైర్‌లెస్ ఇయర్‌ఫోన్స్‌కు భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) రిజిస్ట్రేషన్ తప్పనిసరి. పెట్టె మీద బీఐఎస్ గుర్తుతోపాటు ఆర్ అక్షరంతో మొదలయ్యే సంఖ్య ఉంటుంది. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ సంఖ్య కొడితే తయారీదారు పేరు, వస్తువు రకం కనిపిస్తాయి. అవి పెట్టె మీది వివరాలతో సరిపోవాలి. ఫుట్‌పాత్ మీద పేరున్న కంపెనీ బొమ్మతో అతి చౌకగా దొరికే వాటికి ఈ పరీక్ష చేస్తే సంగతి తేలుతుంది. లిథియం బ్యాటరీ ఉన్న వస్తువును చెవిలో పెట్టుకుంటున్నామన్నది గుర్తుంచుకుంటే ఆ కొద్ది నిమిషాల శ్రమ ఎక్కువనిపించదు.

ఆన్‌లైన్‌లో కొంటే వాపసు గడువు ఎన్ని రోజులో, చెవిలో పెట్టుకునే వస్తువు కాబట్టి డబ్బు వాపసు ఇస్తారో లేక మార్చి మాత్రమే ఇస్తారో చూసుకోవాలి. వచ్చిన వెంటనే, ఆ గడువులోగా, మీ పూర్తి వ్యాయామాన్ని వాటితో చేసి చూడండి. లోపమున్న వస్తువు గురించి అమ్మినవారు స్పందించకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. బిల్లు అప్పటికి చేతిలో ఉండాలి.

వ్యాయామం కాగానే ఇయర్‌బడ్స్‌ను పొడి మెత్తని గుడ్డతో తుడిచి, కాసేపు గాలికి ఆరనిచ్చి, ఆ తరువాతే కేసులో పెట్టాలి. తడి తువ్వాలుతో కలిపి బ్యాగులో పడేయకూడదు. సిలికాన్ టిప్‌లను వారానికొకసారి తీసి తేలికపాటి సబ్బు నీటితో కడిగి పూర్తిగా ఆరాక తగిలించాలి. జాలీలో చేరిన గులిమిని పొడి మెత్తటి బ్రష్‌తో తీయాలి, సూది పెట్టకూడదు. మే నెల ఎండలో నిలిపిన కారులో కేసును వదిలేస్తే బ్యాటరీ ఆయువు త్వరగా తరుగుతుంది, దానిని జిమ్ లోపలికి తీసుకెళ్లడమే క్షేమం. జిమ్ స్నేహితుడైనా సరే, ఇయర్‌బడ్స్ మార్చుకోవడం మంచి అలవాటు కాదు. వేడి, తేమ, మూసిన చెవి రంధ్రం కలిస్తే ఫంగస్‌కు అనువైన చోటు ఏర్పడుతుంది, మన వాతావరణంలో చెవి ఫంగస్ అరుదేమీ కాదు. చెవిలో దురద, తడిగా ఉన్నట్టు అనిపించడం, నొప్పి, చెవి దిమ్మెక్కినట్టు ఉండడం కనిపిస్తే నూనె పోయడం, పుల్ల పెట్టి తిప్పడం మాని చెవి, ముక్కు, గొంతు వైద్యుని కలవాలి. అది పూర్తిగా తగ్గేవరకు ఇయర్‌బడ్స్ పక్కన పెట్టి, జిమ్ వాళ్లు ఏ పాట వేస్తే ఆ పాటే వినాలి.